వినేవాళ్ళ మాట ఎవరు వింటారు?



పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ఏదో ఒక మూల చిన్న వార్త కనిపిస్తూ వుంటుంది. ఫలానా చెక్‌పోస్టు దగ్గర గంజాయి పట్టుకున్నారనీ, దొరికిన ముగ్గురిలో ఒకడు మైనరు కనక వాణ్ణి జువెనైల్ హోముకి పంపించారనీ. "అయ్యో, ఏ తల్లి కన్నబిడ్డో" అనుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆ హోము తలుపు మూసుకున్నాక లోపల ఏం జరుగుతుందో వార్తలో వుండదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ తలుపు వెనకాల వున్న ఒక్క గది సంగతి. మత్తుకి అలవాటుపడిన పిల్లవాడూ, వాడి మాట వినే కౌన్సెలరూ ఎదురెదురుగా కూర్చునే గది. ఆ కౌన్సెలరు పని ఎట్లా జరుగుతోందో చూసే మనిషి ఒకరుండాలి. ఆ చూడటం ఎట్లా వుండాలన్నదే ఈనాటి విషయం.

"మాకెందుకండీ ఈ గోల, మా పిల్లలు బుద్ధిగా చదువుకుంటున్నారు" అంటారేమో. మంచిదే. కానీ మత్తు అనేది బస్తీ చూసి, బంగళా చూసి రాదు. పైగా ఈ హోముల వ్యవహారంలో ఆడవాళ్ళ స్థానం చట్టమే రాసిపెట్టింది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు వుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ అయి వుండాలి. హోములను తనిఖీ చేసే కమిటీ మూడునెలలకు ఒకసారైనా వెళ్ళాలి, వెళ్ళే బృందంలో ఒక స్త్రీ, ఒక డాక్టరు తప్పనిసరి. వినేవాళ్ళలో ఒకరిద్దరైనా రేపు ఆ కుర్చీలో కూర్చోవచ్చు. కూర్చున్నాక ఏం అడగాలో తెలిసి వుండటం మంచిది గదా.

ముందుగా పద్ధతి చెబుతాను. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుంటే లాకప్పులోగానీ జైల్లోగానీ పెట్టకూడదు. ప్రయాణానికి పట్టే సమయం పోగా 24 గంటల్లోగా బోర్డు ముందుకు తేవాలి. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. ఏవో కొన్ని సందర్భాల్లోనే నిరాకరిస్తారు. బయటికి వెళితే మళ్ళీ నేరస్తుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో బోర్డు భావించినప్పుడు. విచారణ జరిగేదాకా వుంచే చోటుని అబ్జర్వేషన్ హోము అంటారు. హైదరాబాద్ సైదాబాదులో మగపిల్లలకి అట్లాంటిది వుంది. విచారణ పూర్తయి, తప్పు చేశాడని తేలితే, అవసరమైతే స్పెషల్ హోముకి పంపుతారు. అక్కడ మూడేళ్ళకు మించి వుంచరు.

ఇందులో ఒక చిక్కు గమనించండి. బెయిలు దొరికినవాడు ఇంటికి వెళ్ళిపోతాడు. ఇల్లే ప్రమాదమైనవాడు లోపల మిగులుతాడు. తండ్రి తాగుబోతో, అన్న గంజాయి అమ్మేవాడో, అసలు ఇల్లే లేక రైల్వే స్టేషన్లో పడుకునేవాడో. అందువల్ల హోములో కౌన్సెలరుకి ఎదురయ్యే పిల్లల్లో మత్తు సమస్య వున్నవాళ్ళు ఎక్కువగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఏ మత్తు అని అడుగుతారు. మన వైపు గంజాయి సంగతి మీకు తెలిసిందే. విశాఖ మన్యం నుంచి ఎక్కడెక్కడికో పోతుంది. మద్యం సరేసరి. తెలంగాణ పల్లెల్లో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలమ్ వంటి నిద్రమందులు కలిపి అమ్ముతారు. తాగేవాడికి తాను కల్లుకి అలవాటుపడ్డాడో మందుకి అలవాటుపడ్డాడో కూడా తెలియదు. ఇవన్నీ కాక పిల్లల మత్తు ఒకటి వుంది. కాగితం మీద తప్పులు దిద్దే వైట్నరు, పంక్చరు అతికించే సొల్యూషను, పెట్రోలు, ఇట్లాంటివి గుడ్డలో పోసుకుని పీల్చడం. ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతటా సర్వే చేసి 2019లో ప్రకటించిన నివేదికలో, పెద్దవాళ్ళకంటే పిల్లల్లోనే ఎక్కువ కనిపించిన మత్తు ఇదొక్కటే. పదినుంచి పదిహేడేళ్ళ వాళ్ళలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. చవకగా దొరుకుతుంది, ఆకలి చంపుతుంది, చలి తెలియనివ్వదు. మనం స్టేషనరీ షాపులో కొనే వస్తువే.

పనిలో పని, ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఇట్లా పీలుస్తున్న పిల్లవాణ్ణి ఎప్పుడైనా చూస్తే పెద్దగా అరిచి బెదరగొట్టవద్దు, వెంటపడి తరమవద్దు. ఆ ఆవిర్లు గుండె లయను దెబ్బతీస్తాయి. ఆ స్థితిలో హఠాత్తుగా భయపడినా పరుగెత్తినా గుండె ఆగిపోయే ప్రమాదం వుంది. మెల్లగా మాట్లాడి, గాలి వచ్చే చోట కూర్చోబెట్టాలి. హోములో కాపలావాళ్ళకి కూడా మొట్టమొదట నేర్పవలసింది ఇదే.

సరే, ఇప్పుడు మన గదిలోకి వద్దాం.

పదిహేడేళ్ళ అబ్బాయి ఒకణ్ణి ఊహించుకోండి. బస్సులో రెండు బ్యాగులతో దొరికాడు. అందులో 22 కిలోల గంజాయి వుంది. మోసినందుకు ఐదువేలిస్తామన్నారు. వాడూ రోజూ కాలుస్తాడు. కౌన్సెలరమ్మ ఎదుట తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె అడుగుతుంది, "ఎన్నాళ్ళనించిరా ఈ అలవాటు?" వాడు, "అలవాటేం లేదు మేడమ్. ఒక్కసారి, అంతే." అబద్ధం. ఆమెకీ తెలుసు, వాడికీ తెలుసు.

ఎందుకు అబద్ధమాడతాడు? మనం "మొండివెధవ" అనేస్తాం. కాదు, వాడు తెలివిగానే ఆలోచిస్తున్నాడు. వాడి కేసు చూడండి. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టంలో అది వ్యాపార పరిమాణం. కనీస శిక్షే పదేళ్ళు. ఏడేళ్ళు, అంతకు మించిన కనీస శిక్ష వున్న నేరాన్ని బాలల చట్టం ఘోరమైన నేరాల్లో చేరుస్తుంది. అట్లాంటి నేరం చేశాడని ఆరోపణ వున్న పదహారు, పద్దెనిమిదేళ్ళ మధ్య పిల్లవాణ్ణి, పెద్దవాడిలాగా విచారించాలా వద్దా అని బోర్డు ఒక ప్రాథమిక అంచనా వేస్తుంది. చేసే పని ఏమిటో, దాని పర్యవసానం ఏమిటో వాడికి తెలుసా అని చూస్తుంది. అందుకు మానసిక నిపుణుల సాయం తీసుకోవచ్చు. మరి ఆ పిల్లవాడు కౌన్సెలరు గదిలో, "రెండేళ్ళ నించీ మోస్తున్నానమ్మా, నాలుగు ట్రిప్పులు చేశాను" అని మనసు విప్పి చెప్పుకున్నాడనుకోండి. ఆ మాట నోటుపుస్తకంలోకి ఎక్కి, పుస్తకంలోంచి రిపోర్టులోకి, రిపోర్టులోంచి బోర్డు బల్లమీదకి పోతే? బాగుపడటానికి చెప్పిన మాటే వాణ్ణి ముంచుతుంది.

చెప్పకపోతే వైద్యం లేదు, చెబితే ప్రమాదం. ఆ గదిలో కూర్చున్న ప్రతి పిల్లవాడి కష్టమూ ఇదే. దీన్ని పరిష్కరించవలసింది పిల్లవాడు కాదు. కౌన్సెలరు ఒక్కతే కూడా కాదు. ఆమె పైన వుండే పర్యవేక్షకుల మొదటి బాధ్యత ఇది.

ఎట్లా అంటారా? హోములో రెండు రకాల పనివాళ్ళుంటారు. ప్రొబేషన్ ఆఫీసరు పిల్లవాడి ఇల్లూ, బడీ, సావాసాలూ విచారించి 15 రోజుల్లో బోర్డుకి సామాజిక దర్యాప్తు నివేదిక ఇస్తారు. అందులో అలవాట్ల సంగతీ వుంటుంది. ఆయన వినేది బోర్డు కోసం. కౌన్సెలరు వినేది పిల్లవాడి కోసం. ఈ రెండు చెవులూ వేరువేరుగా వుండాలి. సిబ్బంది చాలక, రెండు పనులూ ఒకరి నెత్తిన పడిన చోట, లేదా కౌన్సెలరు ఫైలు ఆఫీసు గది బీరువాలో అందరికీ అందేలా పెట్టిన చోట, ఎంత గొప్ప చదువు చదివిన కౌన్సెలరైనా ఏమీ చెయ్యలేదు. అదే విధంగా, వైద్యం చేసే కౌన్సెలరునే పిలిచి "వీణ్ణి పెద్దవాడిలా విచారించవచ్చా, చెప్పమ్మా" అని అంచనా అడగటం నా దృష్టిలో తగని పని. దానికి వేరే నిపుణుణ్ణి పిలిపించమని బోర్డుకి మర్యాదగా రాయవలసింది పర్యవేక్షకులే. ఉద్యోగంలో చిన్నదైన కౌన్సెలరు ఆ మాట మేజిస్ట్రేటుకి చెప్పలేదు.

అట్లాగని అంతా రహస్యమే అనడానికీ వీల్లేదు. పిల్లవాడు చావాలనుకుంటున్నాడనో, ఇంకొకణ్ణి పొడుస్తాననో చెబితే దాచకూడదు. వాడిమీదగానీ మరో పిల్లవాడిమీదగానీ లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ చెప్పి తీరాలి. కౌన్సెలరు కూడా. అందుకని మొట్టమొదటి రోజునే, ఇంకేమీ అడగకముందే, పిల్లవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. "చూడు నాన్నా, ఇక్కడ నువ్వు చెప్పేది నేను బయట చెప్పను. కానీ నీ ప్రాణానికో ఇంకొకళ్ళ ప్రాణానికో ముప్పు వుంటే చెబుతాను. ఎవరైనా నీతో చెడ్డగా ప్రవర్తించి వుంటే చెప్పాల్సి వస్తుంది. చెప్పేముందు నీకు చెప్పే చెబుతాను. కేసు సంగతి, ఎవరిచ్చారు, ఎన్నిసార్లు మోశావు, అవి నాకక్కర్లేదు. అది నీ లాయరుతో మాట్లాడుకో." ఇంతే. రెండు నిమిషాల మాట. ఇది ప్రతి కౌన్సెలరూ ప్రతి పిల్లవాడికీ చెబుతోందా అనేది పర్యవేక్షకులు ఎట్లా తెలుసుకుంటారు? పిల్లవాణ్ణే అడిగి. "ఇక్కడ చెప్పిన మాట ఎక్కడికి పోతుందో నీకెవరైనా చెప్పారా బాబూ?" అని అడిగితే, వాడిచ్చే జవాబు ఏ రిజిస్టరులోనూ దొరకదు.

రిజిస్టరు మాట వచ్చింది కనక చెబుతున్నాను. మన దగ్గర పర్యవేక్షణ అనగానే తారీఖులు, సంతకాలు, ఈ నెల ఎన్ని కౌన్సెలింగులు అయ్యాయి అన్న లెక్క. అది కూర రుచి చూడకుండా గిన్నెలు లెక్కపెట్టినట్టుంటుంది. సెలవులూ హాజరూ చూసే పై అధికారి ఒకరు. పని లోతు చూసే అనుభవజ్ఞులు వేరొకరు. వీలయితే ఈ రెండు పాత్రలూ వేర్వేరు మనుషులకి వుండాలి. సూపరింటెండెంటుకే కౌన్సెలరు తన తడబాట్లు చెప్పుకోవాలంటే చెప్పుకోదు. మనం అత్తగారికి కూర మాడిందని వెళ్ళి చెబుతామా!

పని లోతు చూడటమంటే ఏమిటి? వారానికి ఒక గంట కౌన్సెలరుతో తీరిగ్గా కూర్చోవడం. "ఈ వారం నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన పిల్లవాడెవరు? వాడేమన్నాడు? నువ్వేమన్నావు?" అని మాటకి మాట చెప్పించుకోవడం. ఒక్కోసారి పర్యవేక్షకులే పిల్లవాడిలా నటించి, కౌన్సెలరు ఎట్లా మాట్లాడుతుందో చూస్తారు. ఇందులో చాలా సంగతులు బయటపడతాయి. గంటలో ముప్పావుగంట కౌన్సెలరే మాట్లాడిందనుకోండి, అది కౌన్సెలింగు కాదు, హరికథ.

1983లో విలియమ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తాగుడు మాన్పించే పద్ధతిమీద ఒక వ్యాసం రాశారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా వివరించారు. అందులోని సంగతి మన ఇళ్ళల్లో అందరికీ అనుభవమే. "మానెయ్యి, మానెయ్యి" అని మనం వాదిస్తే, ఎదుటివాడు మానలేకపోవడానికి కారణాలు వాదిస్తాడు. వాదించిన కొద్దీ తన మాటమీద తనకే నమ్మకం గట్టిపడుతుంది. అందుకని, మానడానికి కారణాలు వాడి నోటినుంచే రావాలి. "అది పీలిస్తే నీకేం బాగుండేది?" అని ముందు అడగాలి. "ఆకలెయ్యదమ్మా, మా అమ్మ గుర్తుకురాదు" అంటాడు. తర్వాత, "మరి దానివల్ల నీకు నచ్చనిదేమిటి?" అంటే కాసేపు ఆగి, "క్రికెట్టాడితే ఆయాసం వస్తోంది" అంటాడు. మనకి చిన్నదిగా కనిపించే ఆ ఆయాసం దగ్గరే పని మొదలవుతుంది. కేన్సరు బొమ్మలు చూపించిన దగ్గర కాదు.

కౌన్సెలరు ఫైల్లో "అబ్బాయి ఒట్టు వేశాడు, మార్పు కనిపించింది" అని రాస్తే, మంచి పర్యవేక్షకులు సంతోషించరు. "ఒట్టు సరే. నిద్రపట్టని రాత్రి ఏం చేస్తాడట? పాత స్నేహితుడు గేటు దగ్గర నిలబడితే ఏమంటాడట?" అని అడుగుతారు.

భయపెట్టడం గురించి కూడా చెప్పాలి, మనవాళ్ళకి దానిమీద నమ్మకం ఎక్కువ కనక. పిల్లల్ని జైలుకి తీసుకెళ్ళి ఖైదీలతో కేకలేయిస్తే బుద్ధి వస్తుందని అమెరికాలో న్యూజెర్సీలో మొదలుపెట్టారు. 1978లో దానిమీద ఒక సినిమా కూడా వచ్చి పేరు పొందింది. తర్వాత ఆ పద్ధతిమీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, అట్లా భయపెట్టిన పిల్లలు ఏమీ చెయ్యకుండా వదిలేసిన పిల్లలకంటే ఎక్కువగా నేరాల్లో పడ్డారని తేలింది. అదే విధంగా, చెడు అలవాట్లున్న పిల్లల్నందరినీ ఒకచోట కూర్చోబెట్టి సామూహికంగా మాట్లాడించడంలో కూడా ప్రమాదం వుందని 1999లో డిషియన్, మెకార్డ్ మొదలైన పరిశోధకులు హెచ్చరించారు. ఒకడు తన ఘనకార్యం చెబుతాడు, పదిమంది నవ్వుతారు, ఆ నవ్వే వాడికి బహుమానం. కొత్తగా వచ్చిన పద్నాలుగేళ్ళవాడికి అదొక పాఠశాల. చదువురాని విద్య అక్కడ వచ్చేస్తుంది. అట్లాగని సామూహిక సమావేశాలు వద్దని కాదు. ఎవరెవర్ని కలిపి కూర్చోబెట్టారు, వయసులెంత, గొప్పలు మొదలవగానే కౌన్సెలరు మాట మళ్ళించగలుగుతోందా, అని పర్యవేక్షకులు వెనక వరసలో కూర్చుని చూడాలి.

ఇక ఒంటి సంగతి. దీన్ని కౌన్సెలింగుతో కలిపి చూడకపోవడం వల్ల ప్రాణాలమీదికి వస్తుంది. హోముకి వచ్చిన రోజునే మత్తు ఆగిపోతుంది. గంజాయి మానితే చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం మొదటివారంలో బాగా వుంటాయి, రెండువారాల్లో తగ్గుతాయి. ఆ వారంలో వాడు తోటివాణ్ణి కొడితే "రౌడీ" అని ముద్రవేస్తారు. హెరాయిన్ జాతి మందులైతే ముక్కు కారడం, ఆవులింతలు, గగుర్పాటు, విరేచనాలు. బాధ చాలా వుంటుంది. మద్యం, నిద్రమందులు కలిపిన కల్లు మాత్రం వేరే జాతి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. డాక్టరు చూసి, మందిచ్చి, మెల్లగా తగ్గించవలసినవి అవి. "నటిస్తున్నాడు, రెండు రోజులు పడుకుంటే అదే పోతుంది" అనే మాట హోములో ఎవరి నోటా రాకూడదు. స్వేచ్ఛ కోల్పోయిన బాలల రక్షణకు ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన నియమాల్లో, మత్తుకి బానిసైన పిల్లలకు శిక్షణ పొందినవారిచేత విష విమోచన సౌకర్యం వుండాలని స్పష్టంగా వుంది. మన 2016 నాటి నమూనా నియమాలు ఇంకొక జాగ్రత్త చెప్పాయి. శిక్షణ వున్న నిపుణులు పరీక్షించి రోగం నిర్ణయించకుండా మానసిక సమస్యకు పిల్లలకు మందులివ్వకూడదు. అంటే అల్లరి చేస్తున్నాడని నిద్రమాత్ర వెయ్యకూడదన్నమాట.

వచ్చిన రోజు ఏ మత్తు, ఎంత, చివరిసారి ఎప్పుడు అని కనుక్కోవడానికి కొన్ని తయారు ప్రశ్నలున్నాయి. బోస్టన్ డాక్టర్లు 1999లో కుర్రకారు కోసం ఆరు ప్రశ్నలు కూర్చారు. మత్తులో వున్నవాడి బండి ఎక్కావా, మనసు తేలికపడటానికి వాడతావా, ఒంటరిగా వున్నప్పుడు వాడతావా, మత్తులో చేసినవి మర్చిపోతున్నావా, ఇంట్లోవాళ్ళు స్నేహితులు తగ్గించమంటున్నారా, దానివల్ల చిక్కుల్లో పడ్డావా. వీటిలో రెండుకి అవునంటే ఇంకా లోతుగా చూడాలి. మీ ఇంట్లో కుర్రవాడి మీద అనుమానం వచ్చినా ఈ ఆరూ గుర్తుపెట్టుకోండి. పోలీసు గొంతుతో అడగకండి, అంతే.

ఇంతవరకూ పిల్లవాడి గురించే అనుకున్నాం. ఆ గదిలో రెండో కుర్చీ సంగతి ఏమిటి? కౌన్సెలర్లలో చాలామంది చిన్నవయసు వాళ్ళు, కాంట్రాక్టు ఉద్యోగులు. పొద్దుటినుంచి సాయంత్రందాకా తల్లి వదిలేసినవాడూ, తండ్రి కాల్చి వాతలు పెట్టినవాడూ, స్టేషన్లో పెద్దవాళ్ళచేత చెరచబడ్డవాడూ, అందరి కథలూ వింటారు. ఇంటికి వెళ్ళి ఎవరితోనూ చెప్పుకోకూడదు. వినీ వినీ మనసు మొద్దుబారుతుంది. "వీళ్ళు మారరండీ" అనే మాట మొదలయిందంటే అది పిల్లల గురించిన నిజం కాదు, కౌన్సెలరు అలసట. ఇంకొందరు దీనికి విరుద్ధం. ఒక పిల్లవాణ్ణి మరీ దగ్గరకు తీసి, ఇంటినుంచి తినుబండారాలు తెచ్చి, వాడికోసం సూపరింటెండెంటుతో తగాదా పెట్టుకుంటారు. రెండూ మనిషి సహజమే. రెండింటినీ తప్పుగా కాక పనిలో భాగంగా మాట్లాడుకోవడానికే ఆ వారానికొక గంట. అది లేని చోట మంచి కౌన్సెలర్లు ముందు వెళ్ళిపోతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో సంవాద్ అనే పేరుతో బాలల సంరక్షణ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఏర్పాటు వుంది. శిక్షణ మంచిదే. అయితే శిక్షణ ఒకసారి ఇచ్చేది, పర్యవేక్షణ ప్రతివారం చేసేది. దోసె వెయ్యడం ఒకరోజులో చూపించవచ్చు, పెనం కాగిందో లేదో పక్కన నిలబడి చెప్పాల్సి వస్తుంది.

తనిఖీకి వెళ్ళే సోదరి ఏం చూడాలి? ముందు ఆ గది చూడండి. తలుపు మూస్తే మాట బయటికి వినపడకూడదు. అద్దంలోంచి మనుషులు మాత్రం కనపడాలి. ఇది పిల్లవాడికీ రక్షణే, కౌన్సెలరుకీ రక్షణే. కాపలామనిషి లోపల నిలబడితే అది కౌన్సెలింగు గది కాదు. ఫైళ్ళకి తాళం వుందా, తాళంచెవి ఎవరి దగ్గర వుంది? కౌన్సెలరుని ఏకాంతంగా, "నీకు తోచనప్పుడు ఎవరికి ఫోన్ చేస్తావమ్మా?" అని అడగండి. ఒక పేరు టక్కున చెబితే మంచిది. సూపరింటెండెంటు వైపు చూస్తే మీకు సంగతి అర్థమవుతుంది. పిల్లల్ని మాత్రం "ఏం చేసి వచ్చావు?" అని అడగకండి. పేరు, ఊరు, ఫోటో ఏదీ బయటపెట్టకూడదని చట్టం.

తల్లుల గురించి చెప్పకుండా ముగించలేను. కలుసుకునే రోజున క్యారియరు పట్టుకుని వస్తారు. సగంమంది పిల్లవాణ్ణి చూడగానే "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అని ఏడుస్తారు. ప్రేమతో అన్న మాటే. వాడికి ప్రేమ వినపడదు, మాటే వినపడుతుంది. ఆ తల్లిని కలుసుకోబోయే ముందు కౌన్సెలరు పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ మాట మారుతుంది. ఆమె భయాలకి జవాబు కూడా ఇవ్వవచ్చు. "ఉద్యోగం రాదేమో, పేరు పాడైపోయిందేమో" అంటుంది. మామూలు కేసుల్లో బాలల చట్టం కింద తేలిన తప్పువల్ల ఏ అనర్హతా రాదనీ, గడువు తీరాక రికార్డు తీసేస్తారనీ ఆమెకు ఎవరూ చెప్పి వుండరు. పిల్లవాడికి మత్తు ఇచ్చినవాడికీ, వాడిచేత మోయించినవాడికీ ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా వుందన్న సంగతీ చెప్పి వుండరు.

ఇంకొకటి. విచారణలో వున్న పిల్లవాడు ఎన్నాళ్ళుంటాడో తెలియదు. రేపే బెయిలు రావచ్చు. "పన్నెండు వారాల కార్యక్రమం" అని కాగితంమీద రాసుకుంటే మూడోవారంలో కుర్చీ ఖాళీ అవుతుంది. అందుకని ప్రతి సమావేశమూ చివరిదేమో అన్నట్టు జరపాలి. బయటికి వెళ్ళే ఏర్పాటు మొదటివారమే మొదలవ్వాలి. బయటికి పోయాక కూడా మత్తు మాన్పించే చోటికి వెళ్ళమని ఆదేశించే అధికారం బోర్డుకి వుంది. కానీ ఏ ఆసుపత్రి, ఏ రోజు, అక్కడ ఎవర్ని కలవాలి అనేది ఆదేశంలో వుండదు. పైగా ఆ మొదటి రోజులు చాలా ప్రమాదం. హోములో వున్నన్నాళ్ళూ మత్తు లేక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గి వుంటుంది. స్నేహితులు కలిసిన సంబరంలో పాత మోతాదే తీసుకుంటే, హెరాయిన్ వంటివైతే ఊపిరి ఆగిపోతుంది. ఇది వాడికీ తల్లికీ ఇద్దరికీ చెప్పారా అని పర్యవేక్షకులు విడుదల కాగితంమీద సంతకం పెట్టేముందు అడగాలి.

ఒక చీటీమీద ఆసుపత్రి పేరు, ఓపీ రోజు, మత్తు మాన్పించడానికి కేంద్రప్రభుత్వం వారి ఉచిత ఫోను 14446, పిల్లల ఆపదకి 1098 రాసి తల్లి చేతికి ఇవ్వాలి. ఇచ్చేముందు ఆమెకు చదవటం వచ్చునో రాదో కనుక్కోవాలి. రాకపోతే చదివి వినిపించి, ఆ నంబర్లు ఆమె ఫోనులో ఎక్కించి, అక్కడే గేటు దగ్గర నిలబడి ఎట్లా నొక్కాలో ఆమెచేతే ఒకసారి నొక్కించి చూడాలి.